మోకాలు నొప్పని చెప్పాను

నా మోకాలికి ఏమీ కాలేదు. పెనైన్ వే నడక మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చినప్పుడు అడిగినవాళ్ళందరికీ మోకాలు పట్టేసిందని చెప్పాను. మా ఆవిడకు చెప్పాను, బాపట్లలో ఉన్న అమ్మకు చెప్పాను, ఆఫీసులో చెప్పాను. ఉగాది సభలో తెలుగు సంఘంవాళ్ళు వేదిక మీదికి పిలిచి, మోకాలు సహకరించకపోయినా అంత దూరం ఒంటరిగా నడిచిన మనిషని శాలువా కప్పితే తల వంచి కప్పించుకున్నాను.

సభ అయ్యాక ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. మాంచెస్టర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాడట. తనూ ఆ దారి నడుద్దామనుకుంటున్నాడు, అక్టోబరులో అయితేనే సెలవు దొరుకుతుంది. "మోకాళ్ళకు ఏం జాగ్రత్తలు తీసుకోవాలంకుల్?" అని అడిగాడు. చెప్పాను. తొడ కండరాలు గట్టిపడటానికి చెయ్యాల్సిన వ్యాయామాలు, పట్టీ కట్టుకునే పద్ధతి, దిగుడులో చేతికర్రలు ఎలా వాడాలో అన్నీ వివరంగా చెప్పాను. శ్రద్ధగా ఫోన్‌లో రాసుకున్నాడు. దిక్సూచి గురించి ఒక్క మాట చెప్పలేదు. కొండ మీద ఉండగానే గాలి దిశ మారిపోతుందని చెప్పలేదు. లోపల నూలు బనీను వేసుకోవద్దని చెప్పలేదు. చెబితే ఇవన్నీ మీకెలా తెలిశాయని అడుగుతాడు.

అప్పటిదాకా ఆ అబద్ధం నా పరువు కోసం నేను చేసుకున్న చిన్న ఏర్పాటు అనుకున్నాను. వినయంగా నా మాటలు రాసుకుంటున్న ఆ పిల్లవాణ్ణి చూశాక అలా అనుకోవడం సాధ్యం కాలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెనైన్ వే ఇంగ్లండు నడిమధ్యన ఉత్తర దక్షిణాలుగా సాగే కొండల మీది కాలిబాట. డెర్బీషైర్‌లోని ఈడేల్ గ్రామంలో మొదలై, స్కాట్లండు సరిహద్దు దాటగానే వచ్చే కిర్క్ యెట్‌హోమ్‌లో ముగుస్తుంది. 268 మైళ్ళు, అంటే 431 కిలోమీటర్లు. ఇలాంటి దారి ఒకటి కావాలని టామ్ స్టీఫెన్‌సన్ అనే పాత్రికేయుడు 1935లో డైలీ హెరాల్డ్ పత్రికలో రాశాడు. అప్పట్లో ఆ కొండలు చాలావరకు పెద్ద భూస్వాముల వేట భూములు, మామూలు జనం అడుగు పెట్టడానికి లేదు. 1932లో వందలమంది ఆ నిషేధాన్ని ధిక్కరించి కిండర్ స్కౌట్ కొండ ఎక్కితే వాళ్ళలో కొందరిని జైల్లో పెట్టారు. స్టీఫెన్‌సన్ అడిగిన దారి తెరుచుకోవడానికి 1965 దాకా పట్టింది. కొండల్లో నడిచే హక్కు కోసం జైలుకెళ్ళిన మనుషులున్నారని తెలిసిన రోజు నుంచీ నాకు ఆ దారంటే గౌరవం. ఆ గౌరవం నిజమైనదే. దాని మీద నేను పేర్చుకున్న గొప్పే తప్పు.

తోడు వస్తానన్న మనిషి ఉన్నాడు. ఆఫీసులో నా పక్క సీటాయన, ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాడు. వద్దన్నాను. ఒంటరితనంలో ఏదో తేలుతుందని ఆయనకు చెప్పాను. అసలు సంగతి వేరు. "ఒంటరిగా నడిచాడు" అంటే వినడానికి బాగుంటుందనీ, ఆ దారి తెలిసిన మనిషి పక్కనుంటే ఆ మాట నాకు దక్కదనీ. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర కాలేజీ రోజుల్లో చదివాను. 1830 మేలో మద్రాసులో బయలుదేరి మరుసటేడు సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఆయన వెంట బోయీలున్నారు, డేరాలున్నాయి, పెద్ద పరివారం ఉంది. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయో, ఎక్కడ సరుకులు దొరుకుతాయో, ఏ దారి ఇసకో ఏది అడుసో తన తరవాత వెళ్ళేవాళ్ళకు పనికొచ్చేలా రాసి పెట్టాడు. ఆ పుస్తకంలోంచి నేను తీసుకున్నది దూరం ఒక్కటే.

మొదటి రోజులు బాగా గడిచాయి. బ్లాక్ హిల్ ప్రాంతంలో పీట్ అనే ఊబి నేలల్లో, ఒకప్పుడు మనుషులు కూరుకుపోయిన చోట్ల, మూతపడ్డ లాంకషైర్ నూలు మిల్లుల నేలబండలు తెచ్చి పరిచారు. కొన్నిటికి యంత్రాలు బిగించిన బోల్టుల రంధ్రాలు ఇంకా ఉన్నాయి. మన కోస్తా మగ్గాలను దెబ్బకొట్టిన బట్ట నేసిన మిల్లులవి. ఆ బండల మీద నడుస్తూ మా అమ్మమ్మగారి ఊళ్ళో మగ్గాలు అమ్ముకున్న ఇళ్ళను తలచుకున్నాను. మాలమ్ సున్నపురాయి కొండలు, పెనిగెంట్ శిఖరం, 528 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలబడ్డ టాన్ హిల్ సత్రం, అన్నీ దాటాను. డఫ్టన్ చేరే ముందు హై కప్ నిక్ అనే లోయ అంచున ఎండలో కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన నువ్వులుండలు తిన్నాను. ఆ మధ్యాహ్నం నన్ను చెడగొట్టింది. కొండలు నాకు వశమయ్యాయనుకున్నాను.

డఫ్టన్ హాస్టల్లో మర్నాటి కొండ వాతావరణ సూచన ముద్రించి గోడకు అంటించారు. పొద్దున నైరుతి నుంచి బలమైన గాలి, వాన. మధ్యాహ్నానికి శీతల వాయురేఖ, అంటే చల్లగాలి ముందంచు, దాటుతుంది, గాలి వాయవ్యానికి తిరుగుతుంది, ఎత్తుల్లో వాన మంచు కలిసి పడతాయి. శిఖరాల మీద మబ్బు విడిచే అవకాశం దాదాపు లేదు. ఇదంతా చదివాను. హాస్టల్ చూసుకునే ఆవిడ నా పక్కన నిలబడి, "రేపు ఇక్కడే ఉండండి, మంచం ఖాళీగానే ఉంది," అంది. పోయిన వారం కూడా ఇలాంటి రోజున ఇద్దరు వెనక్కి దిగి వచ్చారని చెప్పింది.

నేను సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పటి కథలు వింటూ పెరిగాను. మచిలీపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో చెబితే మా ఊరి వేటగాళ్ళు పడవ తీసేవాళ్ళు కాదు. ఇంట్లో బియ్యం లేకపోయినా తీసేవాళ్ళు కాదు. అలాంటి ఊళ్ళోంచి వచ్చిన నేను, కడుపు నిండిన నేను, గోడ మీది కాగితాన్ని చదివి కూడా బయలుదేరాను. ఎందుకంటే ముందురోజు రాత్రే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో, రేపు ఈ దారిలోకెల్లా ఎత్తైన కొండ ఎక్కుతున్నానని పెట్టాను. పెదనాన్నలు, పిన్నులు, మేనల్లుళ్ళు అందరూ ఆశీర్వదించారు. ఆగిపోయానని మళ్ళీ రాయడానికి నాకు చేతులు రాలేదు. ఇంత చిన్న కారణమే.

డఫ్టన్ నుంచి దారి నాక్ ఫెల్, గ్రేట్ డన్ ఫెల్, లిటిల్ డన్ ఫెల్ దాటి 893 మీటర్ల క్రాస్ ఫెల్ మీదికి పోతుంది. మొత్తం పెనైన్ కొండల్లో ఎత్తైనది అదే. కింద ఊళ్ళో తుంపర. నాక్ ఫెల్ మీద చేతికర్ర గాలికి పక్కకు ఎగిరిపోతోంది. ఎత్తు పెరిగే కొద్దీ వంద మీటర్లకు అర డిగ్రీకి పైగా చల్లబడుతుందని నాకు తెలుసు. గాలి సంగతే లెక్కలోకి తీసుకోలేదు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలున్నా గాలి గంటకు 60 కిలోమీటర్లుంటే ఒంటికి సున్నా కన్నా రెండు డిగ్రీలు దిగువన ఉన్నట్టే. అది పొడి ఒంటికి. నేను అప్పటికే లోపల తడిసిపోయాను. ఖరీదైన వానకోటు కింద, నలభై ఏళ్ళ అలవాటుగా, నూలు బనీను వేసుకున్నాను. నూలు నీటిని పీల్చి వదలదు. వాన బయటి నుంచీ చెమట లోపలి నుంచీ దాన్ని తడిపాయి, ఆ తడి గుడ్డ నా ఒంటి వేడిని పొద్దంతా లాగేస్తూనే ఉంది.

గ్రేట్ డన్ ఫెల్ మీద విమానాల రాడార్ కేంద్రం ఉంది. అక్కడికి కింద నుంచి తారురోడ్డు వస్తుంది. నడకదారి ఆ రోడ్డును తాకుతుంది. మబ్బులో రాడార్ గుండు కనపడలేదు గాని రోడ్డు నా కాళ్ళ కిందే ఉంది. దాన్ని పట్టుకుని దిగితే మధ్యాహ్న భోజనం వేళకు మళ్ళీ కింద ఊళ్ళో ఉండేవాణ్ణి. ఆ రోడ్డు మీద కొంచెంసేపు నిలబడ్డాను కూడా. ఆ రోజు నేను చేసిన పనులన్నిటిలోకీ నాకిప్పటికీ మింగుడుపడనిది అక్కడి నుంచి ముందుకు నడవడమే. తెలియక చేసిన పనులు తరవాత కొన్ని జరిగాయి. ఇది తెలిసి చేసింది.

క్రాస్ ఫెల్ నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. గాలికి చాటుగా శిలువ ఆకారంలో పేర్చిన రాతిగోడలున్నాయి. వాటి దగ్గరికి ఎలాగో చేరాను. అక్కడి నుంచి ఉత్తరంగా దిగితే పాత రాళ్ళదారి ఒకటి వస్తుంది, దాని పక్కనే గ్రెగ్స్ హట్ అనే రాతి గుడిసె. నాలుగు అడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. ఫోన్ తెర వాన చినుకులకు వేలి మాట వినడం మానేసింది, తుడిచే గుడ్డ కూడా తడే. దిక్సూచి వీపు సంచిలో అడుగున ఉంది. సంచి దించి, విప్పి, వెతకాలి. వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. అవసరం లేదనుకున్నాను. గాలి పొద్దుటి నుంచీ నైరుతిదే కదా, ఎడమ భుజం వెనక నుంచి గాలి కొట్టేలా చూసుకుంటూ నడిస్తే ఉత్తరానికే పోతానని లెక్క వేశాను. లెక్క సరిగానే ఉంది. గోడ మీది కాగితం కూడా సరిగానే చెప్పింది. నేను ఆ రాతిగోడల దగ్గర కూర్చున్న సమయంలోనే వాయురేఖ దాటి, గాలి వాయవ్యానికి తిరిగింది. దాన్ని ఎడమ భుజం వెనకే ఉంచుకున్న నేను తూర్పుకు నడిచాను.

క్రాస్ ఫెల్ తూర్పు వాలులో టీస్ నది పుడుతుంది. ఊళ్ళ వైపు పోవాల్సినవాణ్ణి నది పుట్టే బురదలోకి దిగాను. చుట్టూ నల్లటి పీట్ గట్లు, మధ్యలో సన్నటి కాలవలు. తొడల దాకా ఒకసారి కూరుకుపోయి, మోచేతుల మీద బయటికి పాకాను. జేబులో నువ్వులుండల పొట్లం ఉంది. దాని ముడి విప్పలేకపోయాను, పళ్ళతో కొరికినా రాలేదు. వాన తెల్లగా మారింది.

కొంతసేపటికి వణుకు తగ్గింది. హమ్మయ్య, ఒళ్ళు వేడెక్కుతోంది అనుకున్నాను. శరీరపు వేడి 35 డిగ్రీల కన్నా కిందికి పడిపోయి ఇంకా దిగుతుంటే వణుకు ఆగిపోతుందని, అది ప్రాణం మీదికి వచ్చిందనడానికి గుర్తని తరవాత తెలుసుకున్నాను. చలి ముందుగా తీసుకుపోయేది వివేకాన్ని. అందువల్ల తనకేమవుతోందో మనిషికే తెలియదు, చెప్పడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. ఈ దారి మొదట్లో నేను దాటిన డెర్బీషైర్ కొండల్లోనే 1964 మార్చిలో ఫోర్ ఇన్స్ వాక్ అనే పందెంలో ముగ్గురు స్కౌటు యువకులు వానకూ గాలికీ చిక్కి చనిపోయారు. ఆరోగ్యవంతులు, కుర్రాళ్ళు. నేను యాభై దాటినవాణ్ణి. ఒక గట్టు చాటున ఒత్తిగిల్లి పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో అని ఆ క్షణాన నిజంగా అనిపించింది. కూర్చున్నాను కూడా.

నన్ను లేపింది నా తెలివి కాదు. పొడి చేతితొడుగుల కోసం సంచిలో చెయ్యి పెడితే దిక్సూచి తగిలింది. చూస్తే, నేను ఉత్తరం అనుకుంటున్నది తూర్పు. సూది పాడైందనుకున్నాను. ఊపాను, తిప్పాను, ఇంకో చోటికి జరిగి చూశాను. సూది మారలేదు. దాన్ని నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది. నమ్మి, దాన్ని అరచేతిలో పెట్టుకుని, దాని మీంచి చూపు మరల్చకుండా ఉత్తరానికి నడిచాను. చాలాసేపటికి కాళ్ళ కింద రాళ్ళు తగిలాయి. అదే పాతదారి. ఎడమకు తిరిగాను.

గ్రెగ్స్ హట్ ఒకప్పుడు సీసపు గని కార్మికులు తలదాచుకున్న ఇల్లు. 1968లో ఆల్ప్స్ కొండల్లో ప్రమాదంలో చనిపోయిన జాన్ గ్రెగరీ అనే పర్వతారోహకుడి జ్ఞాపకంగా మిత్రులు దాన్ని బాగు చేశారు. తాళం ఉండదు. ఎవరైనా వెళ్ళి ఉండవచ్చు. లోపల ఒక పెద్దాయన, ఆయన కుక్క ఉన్నారు. నన్ను చూడగానే ఆయన మాట్లాడటం మాని పని మొదలుపెట్టాడు. కోటు జిప్పు నేను తీసుకోలేకపోతుంటే ఆయనే తీశాడు. తడి బనీను ఊడదీసి పక్కన పడేసి, తన ఉన్ని స్వెట్టరు తొడిగి, పడక సంచిలో దూర్చాడు. పొయ్యి రాజేసి, చక్కెర ఎక్కువ వేసిన టీ గుక్కగుక్కగా తాగించాడు. "ఈ రోజు ఏం వారం, అబ్బాయ్?" అని అడిగాడు. నాకు తెలుసు, కాని నోరు తిరగలేదు. మళ్ళీ అడిగాడు. నేను సరిగ్గా చెప్పేదాకా అడుగుతూనే ఉన్నాడు.

తేరుకున్నాక చెప్పాను, ఇక్కడ ఆగిపోతే మొహం ఎలా చూపించనని. ఆయన ఆ గుడిసె ముందు దారి కథ చెప్పాడు. గారిగిల్ గ్రామంలో ఎవరైనా చనిపోతే పూర్వం శవాన్ని ఈ కొండ మీదుగానే అవతలి కిర్క్‌లండ్ చర్చికి మోసుకుపోయేవారట. ఒకసారి మంచు తుఫాను పట్టుకుంటే, మోసేవాళ్ళు శవపేటికను కొండ మీదే వదిలేసి ఇళ్ళకు దిగిపోయారట. రెండు వారాల తరవాత వచ్చి దాన్ని గారిగిల్‌కే తీసుకుపోతే, బిషప్ ఆ ఊళ్ళోనే నేల ఇచ్చి పూడ్చుకోమన్నాడని చెప్పుకుంటారు. "శవాన్ని దించి దిగిపోయినవాళ్ళనే ఎవరూ తప్పు పట్టలేదు," అన్నాడాయన.

గారిగిల్ దాకా నాతోపాటే దిగాడు. పేరు అడిగి రాసుకోవాలన్న ఇంగితం కూడా ఆ రోజు నాకు లేదు. ఇది నాకు చాలా బాధ.

రెండు రోజులు విశ్రాంతి తీసుకుని మళ్ళీ బయలుదేరి ఉండవచ్చు. కాని ఆ వారమంతా అదే వాతావరణం అన్నారు. నాకు నా మీద నమ్మకం పోయింది. వదిలేశాను. ఆ నిర్ణయం సరైనదే, దాని గురించి నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. టాక్సీలో పెన్రిత్ వెళ్ళి రైలెక్కాను. గ్రూపులో అందరూ కొండెక్కావా, ఫొటోలేవి అని అడుగుతున్నారు. అప్పుడు టైపు చేశాను, మోకాలు పట్టేసిందని. మోకాలైతే అది వయసు, శరీరం, మన చేతిలో లేనిది. గోడ మీద రాసి ఉన్నది చదివి కూడా వెళ్ళాను, రోడ్డు కనపడినా దిగలేదు, దిక్సూచి ఉండీ తియ్యలేదు అంటే అది నేను. వెంటనే జవాబులు వచ్చాయి, అయ్యో, పాపం, ఎంత సాహసం, ఈసారి పూర్తి చేస్తావులే అని. ప్రతి జవాబుతోనూ అబద్ధం గట్టిపడింది. మన దగ్గర నడకనే వ్రతంగా పెట్టుకున్న యతులు కూడా వానాకాలంలో చాతుర్మాస్యమని ఒకచోట ఆగిపోతారు. ఆగినందుకు వాళ్ళను ఎవరూ చులకన చెయ్యలేదు. నా వాళ్ళూ చేసేవాళ్ళు కాదు. ఆ అవకాశం వాళ్ళకు నేనే ఇవ్వలేదు.

ఇది రాయడానికి ముందు ఆ కుర్రాడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, గాలి తిరగడం గురించి చెప్పిన భాగం మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. సెలవు మే నెలకు మార్చమని కూడా అడిగాను, ప్రయత్నిస్తానన్నాడు.

ఇక్కడ ఉంటున్న మన పిల్లలు ఎందరో ఇప్పుడు ఈ కొండలు ఎక్కుతున్నారు. మీకు నా మనవి ఇది. దిక్సూచి మెడలో వేసుకోండి, సంచిలో పెట్టకండి. ఒంటికి ఉన్ని గాని పాలిస్టర్ గాని వేసుకోండి, నూలు వద్దు. తినేది చేతితొడుగులతో కూడా విప్పగలిగేలా కట్టుకోండి. ఆగిపోతే ఎవరికి ఏం చెప్పాలో బయలుదేరక ముందే అనుకుని ఉండండి. ఆపద వస్తే 999కి ఫోన్ చేసి ముందు పోలీసును, ఆపైన మౌంటెన్ రెస్క్యూను అడగండి. మాట వినపడనంత బలహీనంగా సిగ్నల్ ఉన్నచోట మెసేజ్ పంపవచ్చు, అందుకోసం ఇంటి దగ్గరే "register" అని ఇంగ్లీషులో 999కి పంపి నమోదు చేసుకోవాలి. ఫోన్ పని చెయ్యకపోతే ఈల ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు ఊదండి. ఎవరైనా వింటే మూడుసార్లు ఊది జవాబిస్తారు. వచ్చేవాళ్ళంతా స్వచ్ఛంద సేవకులు, ఏ వేళప్పుడు పిలిచినా వస్తారు, డబ్బు తీసుకోరు.